అటక మీద యుస్తినా

“నిద్రలో పాప నోరు తెరుచుకునే ఉంటుంది పిన్నీ. పైనుంచి రాలే దుమ్మంతా దాని నోట్లోకే పోతోందేమో.”

యుస్తినా నా మాట విన్నట్టు లేదు. మా మేడగది కప్పు ఎత్తు తక్కువ, ఆమె పొడుగాటి మనిషి. పాప తొట్టిమంచం మీదుగా చెయ్యి చాచి, కప్పు చెక్కల మీద పరుచుకున్న గోధుమరంగు మరకను బొటనవేలితో నొక్కింది. చెక్క నానిన అట్టలా లోపలికి దిగింది. వేలు వాసన చూసి గోడకు రాసేసింది.

“ఉచ్చ,” అంది. “ఒక్క ఏడాదిది కాదు. మంచం తియ్యి ఇక్కణ్ణుంచి.”

“ఎక్కడికి తియ్యను? అటక ఇల్లంతా పరుచుకునే ఉంది కదా.”

“పందుల దొడ్లో వెయ్యి. అక్కడైతే నెత్తి మీద ఎవరూ ఉచ్చ పొయ్యరు.”

ఆమె మాట తీరే అంత. వయసు అరవైకి దగ్గర, మెడ పొట్టి, చేతులు మగవాడివి. తిట్టేటప్పుడూ ఓదార్చేటప్పుడూ గొంతు ఒకేలా ఉంటుంది. ఏది తిట్టో ఏది ఓదార్పో వినేవాళ్ళే తేల్చుకోవాలి.

ఆ ఏడు మా లోయలో ఎలుక జ్వరం గట్టిగా ఉంది. కొండ మీది బీచ్ చెట్లు గింజలతో విరగకాస్తే మరుసటి ఏడు అడవి ఎలుకలు పుట్టలు పుట్టలుగా పెరుగుతాయి. వాటి ఉచ్చలో, పెంటికల్లో ఉండే వైరస్ ఎండి దుమ్ములో కలిసి మనిషి ఊపిరితో లోపలికి పోతుంది. ముందు జ్వరం, ఆ వెనక నడుము విరిగేంత నొప్పి, ఆ పైన మూత్రపిండాలు మొరాయిస్తాయి. నేను నీళ్ళు పరీక్షించే ప్రయోగశాలలో పని చేస్తాను. చదువుకున్నది ఇలాంటి విషయాలే. ఇంకొకరైతే ఆ మరక చూసి వాన కారిందనుకుని నిద్రపోయేవారు. మా పాప ఆయ్దా అప్పుడే పాకడం నేర్చింది. నేల మీద కనబడినదల్లా నోట్లో పెట్టుకునే వయసు.

అటక ఖాళీ చేసే మనిషి ఎవరని అడిగితే లోయలో అందరూ చెప్పిన పేరు యుస్తినాదే. చెప్పాక గొంతు తగ్గించి అందరూ ఇంకో మాట కూడా అన్నారు: “మీ మామయ్య ఇంట్లో లేనప్పుడు పిలుచుకో.”

ఎందుకో మా ఆయన గాష్పెర్ చెప్పాడు. కొంత యుస్తినాయే, సంచులు కడుతూ, తిడుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పింది.

ఆమె తండ్రి పందులు కోసేవాడు. చలికాలం ఇంటింటికీ తిరిగి, తెల్లారేసరికి ఒక పందిని పడగొట్టి, సాయంత్రానికి దాన్ని సాసేజీలు చేసి ఇచ్చేవాడు. సారా తాగి ఇంటికొచ్చి పెళ్ళాన్ని బెల్టుతో బాదేవాడు. యుస్తినా పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఒకరోజు పొయ్యి దగ్గర కట్టె తీసి తండ్రి మోచేయి విరగ్గొట్టింది. ఆ చెయ్యి మళ్ళీ తిన్నగా రాలేదు. కత్తి పట్టలేని కసాయివాడిని ఎవరు పిలుస్తారు? అందుకని ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని తిరిగాడు. ఆయన చెప్పేవాడు, ఆమె పొడిచేది. ఆడది కోసిన మాంసం నిలవుండదని మొదట్లో కొందరు గొణిగారు. పంది ఒక్క అరుపుకి మించి అరవకుండా పోవడం చూశాక ఊరుకున్నారు. “మా నాన్న మంచి పనివాడు,” అని ఆమె నాతో అంది. “చెడ్డ మనిషి. చెయ్యి విరిచినందుకు నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. అమ్మని మళ్ళీ ముట్టుకోనూ లేదు.”

ఆమె చేసుకున్న మనిషి రూడీ. నెత్తురు చూస్తే కళ్ళు తిరిగే రకం. భార్య పందిని కోసే ఇళ్ళకు పేగులు కడగడానికి వెళ్ళి, పొడిచే సమయానికి మాత్రం గొడ్ల చావిడి వెనక్కి పోయి చెవులు మూసుకునేవాడట. ఊళ్ళో మగవాళ్ళు నవ్వేవాళ్ళు. “నవ్వనీ, నాకు ఇంట్లో కొట్టనివాడు కావాలి,” అనేది ఆమె.

మా కొండల్లో పోల్హు అని ఒక జంతువుంది. బూడిదరంగు ఒళ్ళు, ఉడుతకున్నట్టు గుబురు తోక, ఎలుక పళ్ళు, పండిన ఏడు ఒంటి నిండా కొవ్వు. అక్టోబరులో దాన్ని వేటాడతారు. ఉల్లిపాయలతో ఉడకబెట్టి తింటారు, తోలుతో టోపీలు కుడతారు, కొవ్వు కరిగించి కీళ్ళకు రాస్తారు. వేట మొదలయ్యే రోజు అడవిలో వేటగాళ్ళ సంఘం గుడిసె దగ్గర విందు. గాష్పెర్ తండ్రి, మా మామయ్య అలోయ్జ్ ఆ సంఘానికి ఏళ్ళ తరబడి పెద్ద. ఒక ఏడు విందుకు ముందు ఆయన, “రూడీ, నీకు నెత్తురు పని ఎలాగూ చేతకాదు, గుడిసె ఊడ్చిపెట్టు” అన్నాడు. అందరూ నవ్వారు. రూడీ పొడి చీపురు తీసుకుని, తలుపులేసుకుని, ఏడాదిగా పేరుకున్నదంతా మూలమూలలా ఊడ్చాడు. ఆకులు రాలిపోయే వేళకు ఆసుపత్రిలో మూత్రం ఆగి, కళ్ళల్లో నెత్తురు దిగి చచ్చిపోయాడు.

యుస్తినా ఖననం నుంచి ఇంటికి వచ్చింది. నల్ల గౌను విప్పలేదు. గొడ్డలి తీసుకుని అడవిలోకి పోయి ఆ గుడిసెను నరకడం మొదలుపెట్టింది. తలుపు, బల్లలు, పొగగొట్టం, ఆఖరికి గోడ దుంగలు. అడ్డుకోబోయిన మామయ్యకు గొడ్డలి కామ తగిలి ముందుపళ్ళు రాలిపోయాయి. కోర్టు ఆమెకు శిక్ష వేసింది కానీ, మొగుడు పోయిన మనిషి కదా అని జైలుకు పంపలేదు. పెట్టుడు పళ్ళు పెట్టించుకోమని ఎంతమంది చెప్పినా మామయ్య పెట్టించుకోలేదు. అందరికీ చూపించడానికి ఆ సందు ఆయనకు కావాలి. ఆమె ఆ తర్వాత పందుల పని తగ్గించి అటకలు ఎక్కడం మొదలుపెట్టింది.

మా అటక అలా తయారవడానికి కూడా మామయ్యే కారణం. మోకాళ్ళు అరిగి కొండ ఎక్కలేకపోయాక, వేట మానలేక, కొండనే ఇంటికి తెచ్చుకున్నాడు. కప్పు కింది ముక్కోణపు గోడచెక్కలో పిడికిలి పట్టేంత కన్నం తవ్వాడు. వేసవంతా అటక మీద ఎండు పియర్ ముక్కలు, అక్రోటు కాయలు, బీచ్ గింజలు చల్లాడు. చలి దిగకుండా అటక నేలంతా పరిచిన గాజు దూదిలో పోల్హులు వచ్చి గూళ్ళు పెట్టాయి. అక్టోబరు రాగానే కన్నం దగ్గర బోను బిగించి, ముక్కాలి పీట మీద కూర్చుని వేటాడేవాడు. సంఘంలో అందరూ ఆ తెలివికి ముచ్చటపడ్డారు. ఒకరిద్దరు వాళ్ళ ఇళ్ళకు కూడా కన్నాలు పెట్టుకున్నారు. పోల్హుకు చల్లిన గింజ ఎలుక కూడా తింటుందన్న ఆలోచన ఏ ఒక్కడికీ రాలేదు. మా వేటగాళ్ళకు ఎలుక లెక్కలోకే రాదు.

యుస్తినా మరక చూసి కిందికి దిగేసరికి మామయ్య పెరట్లో నిలబడి ఉన్నాడు.

“గొడ్డలి తెచ్చావా యుస్తినా?”

“నీ నోట్లో ఇంకెన్ని మిగిలాయో చూసి తెచ్చుకుందామని ఆగాను.”

“నా ఇల్లు ఇది. నా అటక.”

“మనవరాలు నీది కాదూ? కప్పు చెక్క వేలేస్తే దిగుతోంది. ఒకరోజు మొత్తం దాని ముఖాన పడుద్ది. అప్పుడు ఎవరిదో తేల్చుకుందువు గాని.”

మామయ్య నా వైపు చూశాడు. ఆయనకు ఆయ్దా అంటే ప్రాణం, ఆ విషయంలో నాకు ఏనాడూ అనుమానం లేదు. కాసేపు బుర్ర గోక్కుని, “వేట అయ్యాక చేయించండి. నవంబరు వెళ్ళనీ,” అన్నాడు.

“నవంబరుకి మంచు పడుతుంది నాన్నా. కప్పు మీద దూది లేకుండా పాపతో ఎలా ఉంటాం?” అన్నాడు గాష్పెర్. అని, తండ్రి ముఖం చూడకుండా కలప లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. తండ్రితో అంతకు మించి మాట్లాడటం అతని వల్ల కాదు. మామయ్య ఒప్పుకున్నాడనే మేము అనుకున్నాం.

యుస్తినా పని పద్ధతి ఒకటుంది. ముందు కన్నంలో రేకు గొట్టం బిగిస్తుంది. లోపలి వైపు వెడల్పు, బయటి వైపు ఇరుకు, నున్నగా, కిందికి వాలి ఉంటుంది. మేతకు బయటికి జారిన పోల్హు మళ్ళీ లోపలికి ఎక్కలేదు. కొన్ని రోజులు అలా వదిలేస్తే అటక ఖాళీ అవుతుంది. మిగిలేది ఎలుకలు, చచ్చినవి, పెంట. “పోల్హుతో నాకు పగ లేదు,” అంది గొట్టం బిగిస్తూ. “పోనిస్తాను. ఎలుకని మాత్రం పోనివ్వను.”

మందు సంగతి నేను చూసుకున్నాను. బ్లీచింగ్ నీళ్ళు ఎంత పలచన చేయాలో, చల్లాక ఎంతసేపు ఆగాలో చెప్పాను.

“ఆగడమెందుకు?”

“వైరస్ చావాలి కదా పిన్నీ.”

“నేను కొడితే అక్కడికక్కడే చస్తుంది. నీ మందు ఆలోచించుకుని చంపుద్దా?” అంది. అని, నేను చెప్పినట్టే తూచా తప్పకుండా కలిపింది.

పని రోజు పొద్దున్నే పాపను కింద వంటింట్లో మామయ్య ఒళ్ళో పెట్టాను. ఆయన చెంచాతో బల్ల మీద దరువేస్తుంటే అది కేరింతలు కొడుతోంది. యుస్తినా, నేను తెల్లటి పైదుస్తులు, రబ్బరు చేతితొడుగులు, మాస్కులు వేసుకుని మేడ నడవలోంచి నిచ్చెన మీద అటకెక్కాం. వాసనకు కళ్ళు మండాయి. పసుపు పచ్చగా ఉండాల్సిన దూది నల్లగా, అట్టుకట్టి, గుంటలు పడి ఉంది. యుస్తినా పంపు కొట్టి ముందు వరస తడిపింది. ఆగాం. వెలుగు ఎక్కువగా ఉందని నాకు అనిపించింది. ఎందుకో తట్టలేదు. ఆమెకు తట్టింది.

“గొట్టం ఏది?”

కన్నంలోంచి ఎండ సూటిగా పడుతోంది. గొట్టం పీకి, మూలకు విసిరేసి ఉంది. దాని పక్కన కొత్తగా చల్లిన అక్రోటు కాయలు. కన్నం దాకా దుమ్ములో మోకాళ్ళ మీద పాకిన జాడ.

“ముసలి నక్క,” అంది యుస్తినా. “అన్నీ లోపలే ఉన్నాయి.”

ఆ మాట పూర్తి కాకముందే ఆమె కాలి దగ్గర దూది ఉబ్బింది.

తర్వాత జరిగిందంతా నాకు వరుసగా గుర్తు లేదు. తడికి నిద్ర చెడి పోల్హులు దూదిని చీల్చుకుని బయటికి దూకాయి. వాసాల మీదికి, మా కాళ్ళ మీదికి, ఒకదాని మీదికొకటి. పళ్ళు కొరుకుతూ గరగరమని అవి చేసే చప్పుడు రంపం చప్పుడులా ఉంది. వాటి కాళ్ళ సందుల్లోంచి ఎలుకలు. యుస్తినా పార తిరగేసి కొట్టడం మొదలుపెట్టింది. కన్నం వైపు పరిగెత్తిన పోల్హుల్ని వదిలింది. మా వైపు వచ్చిన దేన్నీ వదల్లేదు. ఒకటి ఆమె బొటనవేలు కొరికి వేలాడింది. తొడుగు చీలి, వేలు చీలి, ఎముక దాకా దిగింది. ఆమె అరవలేదు. చేతిని దానితో సహా వాసానికేసి బాదింది. అది ఊడిపడే దాకా బాదింది. దూది పొర ఎత్తితే గూడు, గూట్లో కళ్ళు తెరవని ఎలుక పిల్లలు, గులాబీ రంగువి, చిటికెన వేలంత. బూటు పెట్టి తొక్కింది.

నేను సంచి వదిలేశాను.

“చూడమాకు,” అంది. “చూడకుండా సంచి పట్టు.”

సంచులు నింపి, మూతి బిగించి, అటక ద్వారంలోంచి నడవలోకి దించాం. రెండో వరస దగ్గర దూది కింద పోల్హు తోళ్ళు దొరికాయి, పురుగు పట్టి. వాటి పైన వాసానికి వరసగా వేలాడదీసి మామయ్య బోనులు. చెక్కవి, ఇనప బద్దలు బిగించినవి, పాత నెత్తుటి మరకలతో నల్లబడినవి. వాటి నిండా ఎలుక పెంటికలు.  యుస్తినా పార పడేసి, నడుముకున్న చిన్న గొడ్డలి తీసి, మొదటిదాన్ని ఒక్క దెబ్బకు రెండు చేసింది. రెండోదాన్ని చేసింది. ఆ చప్పుడు ఇల్లంతా దిగి ఉండాలి.

“ఆపవే! మా నాన్న చేసిన బోనులే అవి!”

మామయ్య తల అటక ద్వారంలోంచి పైకి వచ్చింది. ముఖాన మాస్కు లేదు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

“పాప ఏది మామయ్యా?” అన్నాను.

“కింద ఉంది.”

కింద అంటే వంటింట్లో అనుకున్నాను. వంగి చూశాను. నిచ్చెన మొదట్లో నడవ నేల మీద కూర్చుని ఉంది ఆయ్దా. ఒంటరిగా వదిలితే ఏడుస్తుందని చంకనేసుకుని వచ్చాడు. నిచ్చెన ఎక్కడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి అక్కడ దించాడు. ఆయన కదిలినప్పుడల్లా ద్వారం అంచున ఇరుక్కున్న పొడి దూది తునకలు ఊడి గాలిలో తేలుతూ దాని మీద పడుతున్నాయి. అది తలెత్తి, నోరు తెరిచి, చేతులు చాచి వాటిని పట్టుకుంటోంది.

“దిగు మామయ్యా! దిగు!”

“ముందు దాని చేతిలో గొడ్డలి పెట్టమను!”

నేను దిగాలంటే ఆయన దిగాలి. ఆయన దిగడు. తోస్తే పాప మీద పడతాడు. నేను కేకలు పెడుతున్నాను, ఆయన నా కంటే గట్టిగా కేకలు పెడుతున్నాడు, దూది రాలుతోంది.

యుస్తినా గొడ్డలి వదిలేసింది. మామయ్య గెలిచాననుకున్నాడు. ఆమె ఒక్క అంగలో ద్వారం దగ్గరికి వచ్చి, మోకాళ్ళ మీద పడి, ఒక చెయ్యి ఆయన కాలర్లో, ఒక చెయ్యి చంక కింద వేసి, పందిని బల్ల మీదికి లాగినట్టు ఆయన్ని పైకి లాగేసింది. ఆమె ముంజేతి చర్మం ద్వారం అంచుకు గీరుకుపోయింది. ఆయన్ని తీసుకెళ్ళి తడిసిన దూదిలో పడేసింది.

“దిగు!” అంది నాతో.

నేను దిగలేదు, జారాను. ఆయ్దా పిడికిట్లో దూది ఉంది. దవడ ఆడుతోంది. వేలు పెట్టి దాని నోరంతా గోకి తీశాను. అది నా వేలు కొరికింది. దాన్ని పట్టుకుని కింద స్నానాలగదికి పరిగెత్తి, ఇద్దరి బట్టలూ విప్పి పడేసి, పంపు కింద పెట్టి, అది గుక్కపట్టి ఏడుస్తుంటే ముఖం, కళ్ళు, నోరు కడిగాను. మళ్ళీ కడిగాను.

పైన కొట్లాట వినబడుతూనే ఉంది. దభీమని శబ్దం, మామయ్య బూతులు, ఇనుము మోగిన చప్పుడు, యుస్తినా మూలుగు, మళ్ళీ దభీమని. ఆ వెంటనే కర్ర చీలిన చప్పుడు. మెత్తబడిన ఆ కప్పు చెక్క మామయ్య కాలి కింద విరిగింది. తొడ దాకా కాలు మేడగదిలోకి దిగింది. దానితో పాటు ఏళ్ళ నాటి దూది, పెంట, చచ్చిన ఎలుకలు, ఒక పోల్హు అస్థిపంజరం. అన్నీ తిన్నగా తొట్టిమంచంలో పడ్డాయి. మంచం ఖాళీగా ఉంది. తర్వాత ఆ గది గుమ్మంలో నిలబడి ఆ మంచం చూశాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది.

యుస్తినా మామయ్యను నడిపించుకుంటూ దించింది. ఆమె కనుబొమ్మ చీలి నెత్తురు చెంప మీదుగా మెడలోకి కారుతోంది. బోను ఇనప బద్ద పెట్టి కొట్టాడు. ఆయన ముక్కు వాచిపోయింది, కాలు గీరుకుపోయింది, కళ్ళల్లో నీళ్ళు. ఆయన ముఖానికి మాస్కు ఉంది. ఆమెకు లేదు.

“నీ మాస్కు ఏది పిన్నీ?”

“ముసలాడి మూతికి కట్టాను. అరుపు ఆగింది.”

ఆమె నా దగ్గరున్న కొత్త మాస్కు తీసుకుని, మేడగదిలోకి పోయి, మందు నీళ్ళు కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టి, తొట్టిమంచాన్ని అక్కడే గొడ్డలితో ముక్కలు చేసి సంచుల్లో కుక్కింది.  గాష్పెర్ వచ్చి నన్నూ పాపనూ వాళ్ళ అక్క ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆ జ్వరం బయటపడడానికి వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ నా చేతిలో థర్మామీటరు ఉంది. పాప నుదురు వెచ్చగా ఉందా, డైపరు తడిగా ఉందా. తడి డైపరు చేతికి తగిలితే దండం పెట్టుకున్నంత పని చేసేదాన్ని. యుస్తినా కనుబొమ్మకు కుట్లతో రోజూ మా ఇంటికొచ్చి మిగిలిన అటక ఖాళీ చేసింది. సాయంత్రం ఇంటికి పోతూ మా వదినగారి గేటు దగ్గర ఆగి కేకేసేది.

“ఏడుస్తోందా?”

“ఏడుస్తోంది.”

“గట్టిగానా?”

“గట్టిగానే.”

“మంచిది,” అని పోయేది.

పాపకు ఏమీ రాలేదు. యుస్తినాకూ రాలేదు. మామయ్యకు వచ్చింది. జ్వరం, నడుము, ఆ తర్వాత మూత్రం ఆగింది. కొట్లాట రోజు పీల్చిందో, అంతకు ముందు గొట్టం పీకడానికి పొడి దుమ్ములో పాకినప్పుడు పీల్చిందో డాక్టరు చెప్పలేనన్నాడు. రెండోదేనని నా నమ్మకం, ఆ రోజు మేము తడిపాం కాబట్టి. డయాలసిస్ మీద పెట్టారు. బతుకుతాడని ఎవరూ మాట ఇవ్వలేదు.

నేను చూడ్డానికి వెళ్తుంటే యుస్తినా కారెక్కి కూర్చుంది.  మామయ్య మంచంలో సగమైపోయి ఉన్నాడు. కళ్ళల్లో తెల్లగుడ్డు ఎర్రగా ఉంది.

“చావలేదన్న మాట,” అంది యుస్తినా.

“నీ శ్రాద్ధం తిని పోదామని. నా బోనులేవి?”

“ఒక్కటీ లేదు.”

“రాక్షసివే నువ్వు.”

“ఊఁ.”

డయాలసిస్ యంత్రం గిర్రున తిరుగుతోంది. మామయ్య దానిలోకి నెత్తురు తీసుకెళ్ళే గొట్టం వైపు చూశాడు.

“యుస్తినా,” అన్నాడు. “రూడీకి కూడా నడుము ఇలాగే పట్టేసిందా?”

“ఇంతకంటే ఎక్కువ. రాత్రీ పగలూ కేకలే.”

“నాకెవరూ చెప్పలేదు.”

“నువ్వు అడగలేదు.”

ఆయన గోడ వైపు తిరిగాడు. భుజం కదులుతోంది.  యుస్తినా పళ్ళెంలో ఆయన ముట్టుకోకుండా వదిలేసిన రొట్టె తీసుకుని, “ఇది తింటావా? తినవు,” అని, దాన్ని కొరుక్కుంటూ బయటికి నడిచింది.

మామయ్య మంచు పడే వేళకు ఇంటికొచ్చాడు, కర్ర పట్టుకుని. అప్పటికి కన్నం మీద ఇనప వల, దాని మీద రేకు. కప్పుకు కొత్త చెక్కలు. అటక నేల మీద గాజు దూది బదులు రాతి దూది పలకలు, సందు లేకుండా కత్తితో కోసి ఇరికించినవి. ఆయన కొత్త చెక్కను కర్రతో తట్టి చూసి తన గదిలోకి పోయాడు. మరుసటి ఏడు అక్టోబరు విందుకు సంఘం వాళ్ళు పిలవడానికి వస్తే, కొత్తగా కట్టిన గుడిసె ఎవరు ఊడ్చారని, తడిపి ఊడ్చారా అని అడిగి, వాళ్ళు నవ్వితే కర్ర ఎత్తాడు.

అంతా బాగైంది, నేను తప్ప. పాపను పడుకోబెట్టి కొత్త చెక్కల వైపు చూస్తూ కూర్చునేదాన్ని. టిక్కుమంటే లేచేదాన్ని. గీరిన చప్పుడనిపిస్తే యుస్తినాకు ఫోను చేసేదాన్ని. ఆమె గొడ్డలి పట్టుకుని వచ్చేది, ఎక్కేది, ఏమీ లేదని దిగేది. ఇలా కొన్నిసార్లు అయ్యాక, ఒక మధ్యాహ్నం ఆమె అటకెక్కకుండా మా వంటింట్లో కూర్చుంది.

“గుడిసె సంగతి నీకు చెప్పారు కదా. నరికానని.”

“చెప్పారు.”

“నరికేటప్పుడు ఎలుక కోసం చూశాను. ఒక్కటి దొరికినా చాలు, చంపుదామని. నేలచెక్కలు కూడా పెకలించాను. ఒక్కటి లేదు. పెంటిక లేదు. రూడీ అంత శుభ్రంగా ఊడ్చాడు.” చేతిలో ఉన్న కాఫీ చల్లారిపోయింది, ఆమె తాగలేదు. “ఏమీ లేనిదాన్ని చీకటి పడేదాకా నరికాను. నువ్విప్పుడు రోజూ చేసే పని అదే. ఇక్కడ కింద కూర్చుని, పైన లేనిదాన్ని చంపుతున్నావు.”

“భయమేస్తోంది పిన్నీ.”

“వెయ్యనీ. కానీ కిందనుంచి కప్పు వైపు చూడమాకు. చప్పుడైతే మాస్కు కట్టుకో, నిచ్చెన వేసుకో, నువ్వే ఎక్కి చూడు. ఉంటే కొట్టు. లేకపోతే దిగొచ్చి పులుసు పెట్టుకో. నాకు ఫోను చెయ్యకు.”

 ఇప్పుడు చప్పుడైతే ఆయ్దాను గాష్పెర్ చేతికిచ్చి, మాస్కు కట్టుకుని, పార పట్టుకుని ఎక్కుతాను. టార్చి వేసి నాలుగు మూలలూ చూస్తాను. ఒక్కసారి నిజంగానే ఎలుక ఉంది, కొట్టాను. ఎక్కువసార్లు అది గాలికి కొట్టుకునే రేకే. దిగి, చేతులు కడుక్కుని, పులుసుకు పొయ్యి మీద పులిసిన క్యాబేజీలో బంగాళాదుంపలు వేస్తాను.